ఎంగిలి చెయ్యి

కూర విరిగిందని అందరికంటే ముందు రోహిణికే తెలిసింది. మీగడ పడగానే మసాలా ఒక పక్కకు, నూనె ఒక పక్కకు విడిపోయి, కోడిముక్కల చుట్టూ తెల్లటి తుంపులు తేలాయి. గరిటె ఎంత తిప్పినా కలవలేదు. అయినా తిప్పుతూనే ఉంది. పడసాలలో మొగుడు ఆకు ముందు కూర్చుని ఉన్నాడు మరి, తిప్పకేం చేస్తుంది?

ఇదంతా హొసపేట హోటలు తెచ్చిన తంటా. రోహిణి మొగుడు వెంకటరామి తన ఖనిజం లారీల జోలికి ఎవరూ రాకుండా చూసుకునే ఎస్సైని అక్కడికి భోజనానికి తీసుకుపోయాడు. ఆ ఎస్సై సాహేబు కోడికూర తిని వేళ్ళు నాకాడట. కారం మంట ఉండదట, వెన్నలా జారుతుందట, ఎముక దాకా మసాలా పట్టి ఉంటుందట. ఆదివారం సాహేబు మనింటికే వస్తున్నాడు, ఆ కూరే చెయ్యాలి, ముందు ఒకసారి చేసి చూపించు అన్నాడు వెంకటరామి ఇంటికొచ్చి. రోహిణికి సిరిగేరిలో తల్లి నేర్పిన కోడికూరంటే ఎండుకొబ్బరి, ధనియాలు, బ్యాడగి మిరపకాయలు. కోడికూరలో మీగడేమిటని అత్త నాగలక్ష్మమ్మ గొణిగింది, బర్రె వింటే పాలు ఎగ్గొడుతుందంది. వినేవాడెవడు? రెండు లారీలు ఆరు లారీలైన ఇంట్లో ముసలమ్మ మాట ఎవడికి కావాలి?

వెంకటరామి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. లేచి పెరట్లోకి పోయి, చెంబుతో నీళ్ళు పోసుకుని చెయ్యి కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకున్నాడు. అప్పుడు వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నె పట్టకారుతో ఎత్తి ఆమె మీదికి కుమ్మరించాడు. రోహిణి మొహానికి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుంది కాబట్టి మొహం మిగిలింది. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు ఊడింది.

ముందు చెయ్యి కడుక్కోవడం ఆ ఇంటి కట్టు. ఆకు ముందు కూర్చున్నవాడు ఎవరినీ కొట్టడు, వాణ్నీ ఎవరూ కొట్టరు. చెయ్యి కడుక్కునేదాకా పగోడైనా చుట్టమే అని వెంకటరామి తాత కొడవళ్ళ కక్షల కాలంలో పెట్టిన కట్టు అది. అన్నం కాడ చెయ్యెత్తినవాడి గడప ఊళ్ళో ఎవడూ తొక్కడు, వాడింటికి పిల్లనివ్వడు. కురుగోడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ ఇంటి కట్టు గురించి గొప్పగా చెప్పుకుంటాయి. కట్టు గొప్పదే, కాదన్నదెవరు? చెయ్యి కడుక్కున్న తరువాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పుకోరు.

నాగలక్ష్మమ్మ పెరట్లోంచి కలబంద మట్ట కోసుకొచ్చి, గుజ్జు తీసి కోడలి చేతికి పూసింది. కొడుకును ఒక్క మాట అనలేదు. కోడలు వచ్చిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. పూయడం అయ్యాక, గోడ మీద కారుతున్న కూర చూస్తూ, మీగడ మీదికి సెగ ఒక్కసారి పోతే ఏదైనా విరుగుతుంది, కట్టెలు వెనక్కి లాగి అలవాటు చెయ్యాల అంది.

మర్నాడు పంపన్న సద్దికి వచ్చాడు. లారీ డ్రైవరు పంపన్న అదే ఊరివాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. రోజూ పొద్దున లోడుకు పోయేముందు ఆ ఇంటి వెనక రేకుల కొట్టంలో కూర్చుని జొన్నరొట్టె తిని పోతాడు. నాలుగు రోజులుగా అతను లోడుకు పోవడం లేదు. లారీ కదలడం లేదు. దాని ముందు బంపరుకు ఇంకా మిరపకాయ తొక్కలు అంటుకుని ఉన్నాయి.

ఆ సంగతి ఊరందరికీ సగమే తెలుసు. పచ్చిమిరప మూటలేసుకుని టీవీఎస్ మీద మార్కెట్టుకు పోతున్న అదే ఊరి రైతు సుబ్బరామిని వెంకటరామి లారీ గుద్ది చంపేసింది. రోడ్డంతా ఎర్రదుమ్ము, ఎవరికీ ఏమీ కనబడలేదు. స్టీరింగు ముందు ఎవరున్నారో లారీలోని ఇద్దరికే తెలుసు. ఒకడు పంపన్న. రెండోవాడు వెంకటరామి తమ్ముడు నితిన్, తాగి, పంపన్నను పక్క సీటుకు నెట్టి, బండి నేను తోల్తా అన్నవాడు.

రోహిణి రెండో రొట్టె వేసి, వంకాయ పచ్చడి వడ్డిస్తూండగా అన్నదమ్ములిద్దరూ కొట్టం ముందుకొచ్చి నిలబడ్డారు. వెంకటరామి చేతులు కట్టుకున్నాడు.

"నిదానంగా తిను పంపన్నా," అన్నాడు. "తొందర్లే."

పంపన్నకు అర్థమైపోయింది. అయినా తిన్నాడు. ముద్దముద్దకూ నీళ్ళు తాగి దించుకున్నాడు. ఎంతసేపని తింటాడు పాపం, రెండు రొట్టెలు? చివరి ముక్క అయ్యాక రోహిణి వైపు చూశాడు. రోహిణి చేతిలో చెంబుంది. రోజూ పోసినట్టే, ఏమీ ఆలోచించకుండా వంగి అతని చేతిమీద నీళ్ళు పోసింది. అలవాటు అలాంటిది. నీటిధార ఆగీ ఆగకముందే వెంకటరామి కాలు పంపన్న దవడకు తగిలింది. ఖాళీ చెంబు పట్టుకుని రోహిణి అక్కడే నిలబడిపోయింది.

"స్టేషన్లో ఒక్క మాట చెప్పాల, అంతే," అన్నాడు వెంకటరామి. "లారీ నేనే నడిపినా అని. నీ ఇల్లు నేను సూసుకుంటా. వీనికి పెండ్లి కుదిరిండాది, తెలుసు గదా."

"నేను నడపలే ధణీ," అన్నాడు పంపన్న, నోట్లోంచి నెత్తురు ఉమ్మి. "సుబ్బరామన్న నాకు మామ వరస. సచ్చినా ఆ మాట అనలేను."

చచ్చినా అన్నాడు కదా, నితిన్ లారీ టార్పాలిన్ కట్టే తాడు తెచ్చాడు. ఇద్దరూ అతన్ని ఈడ్చుకుపోయి ఎరువుల గదిలో వేశారు. ఆ గదికీ వంటింటికీ మధ్య ఒకటే గోడ.

ఆ తరువాత రోజుల్లో రోహిణి వంట కంటే రుబ్బుడే ఎక్కువ చేసింది. ఆదివారం దాకా రోజూ ఒక కోడి కోసి కూర చేసి చూపించాలన్నది మొగుడి ఆజ్ఞ. నానబెట్టిన జీడిపప్పు, గసాలు, వేయించిన ఉల్లిగడ్డ మిక్సీలో వేసి మీట నొక్కేది. మిక్సీ తిరుగుతున్నంతసేపూ గోడ అవతలి చప్పుడు వినబడేది కాదు. ఆపితే వినబడేది. తాడు దెబ్బ గాలిని కోసే చప్పుడు, ఆ వెంటనే మనిషి మూలుగు, మధ్యలో నితిన్ నవ్వు. అందుకని ఆపేది కాదు. జీడిపప్పు ముద్దయింది, ముద్ద వెన్నయింది, వెన్న వెచ్చబడి గిన్నె కాలింది. అయినా మీట మీంచి వేలు తియ్యలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత మెత్తగా ఆమె ఏదీ రుబ్బలేదు.

శుక్రవారం పంపన్న పెళ్ళాం వచ్చి గేటు బయట నిలబడింది. మూడో బిడ్డ కడుపులో ఉంది. వేరే లారీలో రేవుకు లోడు తీసుకుని పోయినాడు, వచ్చేసరికి దినాలు పడతాదని నితిన్ చెప్పాడు. ఫోను ఎత్తడం లేదన్నా అని ఆమె అంటే ఘాట్లో సిగ్నలుండదన్నాడు. ఆమె రోహిణి కళ్ళలోకి చూసింది. రోహిణి తల దించుకుని చేటలో బియ్యం చెరుగుతున్నట్టు నటించింది. చేటలో బియ్యమే లేవు. ఆ సిగ్గు ఆమెను ఆ రాత్రంతా తిన్నది.

శనివారం ఆమె మిక్సీ నొక్కి నిలబడి ఉండగా నాగలక్ష్మమ్మ వచ్చింది. వచ్చి, కోడలి వేలు మీట మీంచి తీసేసి, మిక్సీ ఆపింది. ఇద్దరూ నిలబడి విన్నారు. ముసలామె గోడకు చెవి ఆనించలేదు, ఆనించాల్సిన అవసరమూ లేదు.

"ఇది నా పెద్దకొడుకు చెయ్యే," అంది. "సప్పుడు గుర్తుపట్టినా. ఎత్తుకోని పెంచినప్పుడు ఆ చెయ్యి ఇంత బరువు లేదు పాపా."

రోహిణికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఎక్కడున్నావని అరవాలనిపించింది. కాలిన చెయ్యి చూపించి, ఈ చప్పుడు గుర్తుపట్టలేదా అని అడగాలనిపించింది. ముసలామె అప్పటికే కోడలి చేతి కట్టు విప్పి, కొత్తగుడ్డ చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ, ఆ చేతివంక చూసే ధైర్యం లేక, పక్కకు చూస్తోంది. అడగాల్సిన మాట రోహిణి మింగేసింది.

ఆదివారం పొద్దున్నే ఎస్సై ఫోను చేశాడు. మధ్యాహ్నం ఊటకొస్తా, తిని పోయేటప్పుడు మనిషిని జీపులో ఎక్కించుకుని పోతా, కాని వాడు నడవగలిగేట్టు ఉండాల, మొహం కడిగించి కడుపుకింత పెట్టండి అన్నాడట. వెంకటరామి ఆ మాటే భార్యకు చెప్పి, బక్కెట్టు నీళ్ళూ తన పాత చొక్కా ఒకటీ పంపన్నకు ఇచ్చి రమ్మన్నాడు. తలుపు దగ్గర నితిన్ కుర్చీ వేసుకుని ఫోన్లో పెళ్ళికూతురితో మాట్లాడుతున్నాడు.

యూరియా సంచుల మధ్య పంపన్న గోడకానుకుని ఉన్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. పెదవి చీలి నల్లబడింది. వీపుకు చొక్కా అంటుకుపోయి, రోహిణి నీళ్ళు పోసి తడిపితే గాని ఊడలేదు. మూడు రోజులుగా మాట తప్పని మనిషి ఆమెను చూడగానే ఏడ్చాడు.

"చెప్పేస్తానక్కా," అన్నాడు గుసగుసగా. "నేనే నడిపినా అని చెప్పేస్తా. ఇంగ తట్టుకోలేను. నా పిల్లోల్లను సూసుకోమని ధణికి నువ్వన్నా చెప్పు."

రోహిణి తలుపు వంక చూసింది. నితిన్ నవ్వుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె చొక్కా గుండీలు పెడుతున్నట్టు వంగింది.

"ఆకు పడసాలలో ఏస్తా. కడుపునిండా తిను. తిన్నంక చెయ్యి కడగొద్దు."

పంపన్న తెరిచి ఉన్న కంటితో ఆమెను చూశాడు.

"వీధితలుపు తీసే ఉంటాది," అంది. "సుబ్బరామోళ్ళ ఇంటి ముందర టెంటు కింద ఊరు ఊరంతా కూసోనుండాది. అంత దూరం నడువు, సాలు. నువ్వు చెయ్యి కడగనంతసేపు నిన్ను ముట్టేటోడు ఈ ఇంట్లో లేడు."

ముట్టేటోడు లేడని చెప్పింది గాని, నిజంగా లేడా అన్నది ఆమెకే తెలియదు. వంటింట్లోకొచ్చి కట్టెలపొయ్యి ముట్టించింది. పెద్ద గుండిగెలో నూనె కాగాక చెక్క, లవంగం, యాలకులు వేసింది. పసుపు, పెరుగు, అల్లంవెల్లుల్లి, బ్యాడగి కారం పట్టించి పొద్దున్నుంచీ నానుతున్న ముక్కలు వేసి, ముక్కలోంచి నీరు ఊరి ఇగిరేదాకా అక్కడే నిలబడింది. రుబ్బిన ముద్ద వేసి, అడుగంటకుండా ఒంటిచేత్తో తిప్పింది. మీగడ ఎక్కడా అని వెనక్కి తిరిగితే నాగలక్ష్మమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. బర్రె పాల మీగడ, తనే చిలికి నున్నగా చేసింది.

కట్టెలు వెనక్కి లాగారు. అత్త మీగడ గిన్నె వంచి పట్టుకుంటే, కోడలు కూరలోంచి ఒక్కొక్క గరిటె వేడి పులుసు అందులో పోసి కలిపింది. మీగడ వెచ్చబడ్డాక, మొత్తం గుండిగెలోకి దించి, కసూరి మెంతాకు నలిపి చల్లింది. ఈసారి విరగలేదు. ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ తరువాతే రోహిణి పడసాలలో నాలుగో ఆకు వెయ్యాలని అత్తకు చెప్పింది. ఎవరికని ముసలామె అడగలేదు.

ఎస్సై వచ్చాడు, బూట్లు విప్పాడు, మొదటి ఆకు ముందు కూర్చున్నాడు. వెంకటరామి, నితిన్ పక్కన కూర్చున్నారు. నాలుగో ఆకు చూసి వెంకటరామి కనుబొమ్మలు ముడిపడ్డాయి. అంతలో నాగలక్ష్మమ్మ పంపన్న చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

"నా ఇంట్లో అన్నం తినేటోడు కొట్టంలో తినేది ఇంక సాలు," అంది కొడుకుతో. "కూసో పంపన్నా."

కూర్చోనివ్వయ్యా, ఎట్లాగూ నాతో జీపులో వచ్చేవాడే కదా అని ఎస్సై కన్నడంలో నవ్వాడు. సాహేబే నవ్వాక వెంకటరామి ఏమంటాడు? రోహిణి అన్నం వడ్డించింది. కూర వడ్డించింది. అందరికీ వేసినట్టే పంపన్న ఆకులోనూ తొడముక్క వేసింది. ఎస్సై మొదటి ముద్దకే తల ఊపాడు. హోటలువాడు దీని ముందు దిగదుడుపే అన్నాడు. ఇంత నున్నగా ఎట్లా వచ్చిందమ్మా అని అడిగాడు.

"మిక్సీ ఆపలేదు సార్," అంది రోహిణి.

వెంకటరామి చెయ్యి ఆకులోనే ఆగింది. తలెత్తి పెళ్ళాం మొహం చూశాడు. ఆమె కళ్ళు దించుకోలేదు, గరిటె మాత్రం గట్టిగా పట్టుకుంది. ఎస్సైకి ఏమీ తెలియలేదు, ఇంకో ముక్క అడిగాడు.

పంపన్న చీలిన పెదవితో మెల్లగా తిన్నాడు. మామూలు కోడికూరైతే ఆ కారానికి ముద్ద నోట్లో పెట్టలేకపోయేవాడు. మీగడ కూర అందుకన్నా పనికొచ్చింది. ఎస్సై తేన్చి లేచాడు. అన్నదమ్ములూ లేచారు. పెరట్లో రోహిణి చెంబు పట్టుకుని ఒక్కొక్కరికే నీళ్ళు పోసింది. మూడు జతల చేతులు కడిగింది. నాలుగో మనిషి పెరట్లోకి రాలేదు.

పంపన్న గోడ పట్టుకుని లేచి వీధితలుపు వైపు నడుస్తున్నాడు. కుడిచెయ్యి ఎదురుగా పైకెత్తి పట్టుకున్నాడు, వేళ్ళు విడదీసి. వేళ్ళకు కూర, మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"యాడికిరా?" అని నితిన్ పరుగెత్తాడు. మెడ పట్టుకోబోయాడు. గడప దగ్గర నాగలక్ష్మమ్మ అడ్డం నిలబడింది. అంతెత్తు కొడుకు ముందు ఆమె భుజం దాకా కూడా లేదు.

"చెయ్యి సూడు," అంది. "కడిగినాడా? కడగలే. ముట్టుకో సూస్తా. ఎంగిలి చేతోన్ని కొట్టినారని మీ పెండ్లి పత్రికల్లో నేనే రాపిస్తా."

నితిన్ అన్న వైపు చూశాడు. వెంకటరామి కదలలేదు. తమ్ముడికి పిల్లనిచ్చే వియ్యంకులు ఇదే కట్టును పొగిడి వచ్చినవాళ్ళు. తలుపు బారుగా తెరిచి ఉంది. ఎదురింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు, కూడలిలో టీ అంగడి ముందు పదిమంది మగవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరూ ముందు పంపన్న మొహం చూశారు, ఆ తరువాత చెయ్యి చూశారు. ఏ ఇంట్లోంచి వస్తున్నాడో చూశారు. అతను కుంటుకుంటూ వీధి మధ్యలో నడిచాడు. కూర ఎండలో ఆరిపోతోంది. ఎవరూ అతనికి నీళ్ళివ్వలేదు, ఇవ్వకూడదని అందరికీ తెలుసు. దోవ మాత్రం ఇచ్చారు.

ఎస్సై బూట్లేసుకున్నాడు. వాణ్ని పట్టుకోండి సార్ అని నితిన్ అంటే, ఏమని పట్టుకోవాలి, నేను ఊటకొచ్చినా, తిన్నా, కూర బాగుండాది అన్నాడు. జీపు పంపన్న పోయిన దిక్కుకు కాకుండా రెండోవైపు తిరిగి వెళ్ళిపోయింది. పనయ్యాక ఎవడికెవడు?

వీధి చివర టెంటు కింద పంపన్న ఆగాడు. అతను ఏం చెబుతున్నాడో ఇంతదూరం వినబడలేదు. ముందు సుబ్బరామి పెళ్ళాం లేచి నిలబడింది. ఆ తరువాత ఆమె అన్నదమ్ములు లేచారు. ఆ తరువాత టెంటు కింద కూర్చున్నవాళ్ళు ఒక్కరూ మిగలకుండా లేచారు. నితిన్ పెరటి దారిన పరుగెత్తి బైకు తీశాడు. దాని చప్పుడు బళ్ళారి రోడ్డు మీదికి పోయి తగ్గిపోయింది.

వెంకటరామి వీధితలుపు మూసి గడియ పెట్టాడు. వాకిట్లో కొక్కేనికి వేలాడుతున్న టార్పాలిన్ తాడు తీసుకున్నాడు. ఎరువుల గదిలో వాడిన తాడే. రెండు చుట్లు చేతికి చుట్టుకుని పడసాలలోకి వచ్చాడు.

"నువ్వే చెప్పినావు వానికి," అన్నాడు.

రోహిణి కొత్త ఆకు పరిచి, దాని ముందు కూర్చుని ఉంది. ఆ ఇంటికి వచ్చాక పడసాలలో ఆకు వేసుకుని కూర్చోవడం ఆమెకు అదే మొదలు. ఇన్నేళ్ళూ వంటింటి మూల, గిన్నెలో మిగిలింది తిన్నది. తనే అన్నం పెట్టుకుంది. తనే కూర వేసుకుంది. అతను రెండో అడుగు వేసేలోపు కుడిచెయ్యి అన్నంలో పెట్టి కలిపింది. వేళ్ళ మధ్య నుంచి కూర వెన్నలా జారింది.

"నేనే చెప్పినా," అంది. ముద్ద నోట్లో పెట్టుకుంది.

వెంకటరామి ఆగిపోయాడు. తాడు చుట్టిన చెయ్యి పైకి లేవలేదు, కిందికీ దిగలేదు. ఊపిరి మాత్రం బుసబుసా కొడుతోంది. చివరికి గోడకానుకుని చేతులు కట్టుకున్నాడు. ఆరోజు పంపన్న ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు.

నిదానంగా తినమని అతను అనలేదు. ఆమే నిదానంగా తిన్నది. ఒక్కొక్క ముద్దా నమిలి దించింది. కూర నిజంగానే బాగుంది. అంత బాగున్న కూర తన నోటికి తను పెట్టుకోవడం కొత్తగా ఉంది. ఆకులో అన్నం తగ్గుతోంది. ఆమెకూ కనబడుతోంది, అతనికీ కనబడుతోంది.

నాగలక్ష్మమ్మ పెరట్లోకి పోయింది. చేతులు కడుక్కునే గాబు అంచు పట్టుకుని, వంచి, నీళ్ళన్నీ నేలపాలు చేసింది. చెంబులో మిగిలినవి కూడా వంపేసింది. తిరిగొచ్చి గుండిగె ఈడ్చుకుంటూ తెచ్చి కోడలి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని కూర్చుంది.

"తిను పాపా," అంది గరిటె ముంచి. "శానా ఉండాది. ఎవురొచ్చేదాకా అయినా సరిపోతాది."

వీధిలో జనం అరుపులు దగ్గరపడుతున్నాయి. ఎవరో తలుపు బాదారు. వెంకటరామి తల అటు తిప్పాడు. రోహిణి కాలిన ఎడమచేత్తో ఆకు కొంచెం దగ్గరికి జరుపుకుంది.